దొరలు మిరపచేను నుంచి వచ్చేదాకా

యూరప్ రాజుల కొలువులంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. చలి కొరికే రాతి కోటల్లో, రాజు కంట పడటానికి పొద్దస్తమానం నిలబడే కవులూ చిత్రకారులూ నాకు కలల్లోకి వస్తుంటారు. వాళ్ల మీద రాయబోయే పుస్తకానికి పేరు కూడా పెట్టేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ దేశాలు చూసే తాహతు లేక దిగులుపడుతుంటే, "మా అడవిలో ఇప్పటికీ డోలు కొడుతూ కోయ వంశాల కథలు పాడే డోలి గాయకులున్నారు, వెళ్లి చూడు" అంది ఇల్లందు స్నేహితురాలు.

ఖమ్మంలో ఆరింటికి బస్సెక్కితే తొమ్మిది లోపే పాల్వంచ. థర్మల్ కేంద్రంలో షిఫ్టు దిగిన కార్మికుల మధ్య ఇడ్లీ తిని, రానూపోనూ ఎనిమిది వందలకు ఆటో మాట్లాడుకున్నాను. మోదుగలు పూసిన రోజులు. మబ్బు వెలుతురులో ఆ ఎర్రదనం చూస్తూ ఏ దేశంలో ఉన్నానో మరిచిపోయాను.

"నిద్ర పట్టిందా ఏంది మేడం?" అన్నాడు డ్రైవర్.

"లేదు, కోట చూస్తున్నా."

అతను అద్దంలోంచి అనుమానంగా చూశాడు.

స్నేహితురాలు చెప్పిన కోయ ఊళ్లో గాయకుడు ముత్తయ్య తాత డోలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఒడిలో మడిచిన పడిగె, అంటే ఒక వంశం కథంతా బొమ్మలుగా కుట్టిన పొడవాటి గుడ్డ. ఆ వంశం వాళ్లే ఆయన పాటకు పోషకులు, ఆయన మాటలో దొరలు. వాళ్ల ఇంటి పెద్ద వానాకాలంలో పోయాడు. ఈ రోజు ఆయన పేరును పెద్దల పేర్లలో కలిపి పాడాలి. పొద్దుగూకేలోపు కాకపోతే మళ్లీ వచ్చే ఏడాదే.

"దొరలేరి తాతా?"

"మిర్చి ఏరనీకి పోయిండ్రు. మబ్బు పట్టింది గద, చేను ఆసామి జల్దీ రమ్మన్నడు."

మధ్యాహ్నం తాత భార్య జొన్న గట్క, చింతపులుసు పెట్టింది. తిన్నాక ఆగలేక, "నా కోసం కాస్త పాడరాదా?" అన్నాను.

"ఈ పడిగెల నీ పేరు లేదు గదమ్మా," అన్నాడు తాత నవ్వుతూ.

యూరప్ కొలువుల్లోనైతే సొమ్మిచ్చినవాడి పేరు పద్యంలోకి ఎక్కేది, వంకర ముక్కు పటంలో చక్కబడేది.

పొద్దు వాలుతోంది. తాత మాటిమాటికీ బాట వైపు చూస్తున్నాడు. నేనూ లేచి బాట దాకా వెళ్లి చూసి వచ్చాను. చివరికి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది.

"వచ్చిండ్రు, దొరలొచ్చిండ్రు!" తాత లేచి నిలబడ్డాడు.

పోయిన పెద్దాయన భార్య జోగమ్మ, కారం మంటకు చేతులు కడుక్కుని టార్పాలిన్ మీద కూర్చుంది. పడిగె విప్పారు. పాట సగం కోయలో, సగం తెలుగులో సాగింది. పాత పెద్దల పేర్లన్నీ దాటి కొత్త పేరు దగ్గర గాయకుడి గొంతు పెరిగింది.

"ఇంకోపాలి అను అన్నా," అంది జోగమ్మ.

తాత ఆ పేరు అన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. ఆమె చాలనేదాకా అంటూనే ఉన్నాడు.

పేరు నిలవాలని కోటలు కట్టించుకున్న రాజులకు ఇలా అడిగేవాళ్లు ఎందరు మిగిలారో! వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: మిరప ఏరే రోజుల్లో తిరుగు ఆటోకు టైం చెప్పకండి, పాల్వంచలో గది ముందే తీసుకోండి. ఆ పాట మధ్యలో లేచి రావడం ఎవరి తరమూ కాదు.