రామాంజనేయులు తాగని నీళ్లు

ఎమ్మిగనూరు నేతవీధిలో సరోజమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. అలాంటి మనిషి మొగుడి చితి దగ్గర మాత్రం నోరు పెగలక నిలబడిపోయింది. రామాంజనేయులుకు కొడుకుల్లేరు. తమ్ముడు రాఘవేంద్ర కొడుకు జగదీష్ తలకొరివి పెడుతుంటే వద్దనలేకపోయింది. ఆ మంట ఇంకా ఆమె కడుపులో ఆరలేదు.

మంట ఊరికే పుట్టిందా? అన్నదమ్ములు వేరుపడిన నాడు రాఘవేంద్ర తన వాటా మగ్గం కావాలన్నాడు. దాని మీద అన్న నేస్తున్న చీర సగంలో ఉంది. "ఈ పడుగు దిగేదాకా ఆగరా" అన్నాడు రామాంజనేయులు. ఆగితే వాడు రాఘవేంద్ర ఎట్లా అవుతాడు? కత్తెర తెచ్చి పడుగు పోగులన్నీ అడ్డంగా కోసేశాడు. నేసేవాడి కళ్లముందే మగ్గం మీద పడుగు కోయడమంటే వాడి నోటికాడి కూడు లాక్కోవడమేనని ఆ వీధిలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. తెగిన పోగులు చేతికి చుట్టుకుని, "ఇంక నీ ఇంటి నీళ్లు నా గొంతు దిగవు" అన్నాడు అన్న.

అన్నాడు, నిలబెట్టుకున్నాడు. ఇంటి నడుమ గోడ లేచింది. కొళాయి తమ్ముడి వైపు పడింది. సరోజమ్మ పక్కవీధి నుంచి బిందెలు మోసింది. జగదీష్ పెళ్లికి పోయి అక్షింతలు వేసి, ఎండకు నాలుక పిడచకట్టుకుపోతున్నా గ్లాసు ముట్టకుండా వచ్చేశాడు ఆ మహానుభావుడు.

పెద్దల అమావాస్య వచ్చింది. తర్పణాలకు అయ్యవారిని రాఘవేంద్రే పిలిపించాడు, కులంలో మంచిపేరు కావాలి కదా! సరోజమ్మ వాకిట్లో విస్తరాకు, నల్లనువ్వులు, దర్భలు, చెంబుతో నీళ్లు పెట్టించాడు. సరోజమ్మ కూతురు, ఆదోనిలో ఇచ్చిన స్వాతి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. జగదీష్ చెంబు అందుకోబోయాడు.

"అయ్యవారూ, తర్పణమంటే ఏంది?" అంది సరోజమ్మ.

"పోయినోళ్ల పేరున నీళ్లు విడిచేది తల్లీ."

"అది నాకూ కనపడతాండాది. మాటకు అర్థమేందని అడిగితి."

అయ్యవారికి ఉత్సాహం పుట్టింది. "సంస్కృతంలో తృప్ అని ధాతువుండాది, దాంట్లోంచి వచ్చింది. తృప్తి అనే మాటా ఆడినుంచి వచ్చిందే. నీళ్లిచ్చి పెద్దలకు తృప్తి కలిగించేదే తర్పణం."

"ఎవురికి తృప్తి? పోసేవానికా, తాగేవానికా?"

"తాగేవాళ్లకే తల్లీ."

"అట్లనా. ఆ చెంబులో నీళ్లు ఏ కొళాయివి?"

జగదీష్ చూపు గోడ అవతలి తమ కొళాయి వైపు పోయింది. రాఘవేంద్ర గొణిగాడు. "వదినా, నాలుగు మంత్రాలు అయ్యేదాకా ఆ నోరు ఆపరాదా?"

"నీ కత్తెర ఆగిందేమప్పా, నా నోరు ఆగేకి?"

అయ్యవారు మధ్యలో దూరాడు. "నీళ్లు మీ బిందెలోవి తెండి తల్లీ. చెయ్యి మాత్రం ఈ పిల్లోనిదే ఉండనీ."

"మా స్వాతి చెయ్యి పనికిరాదా?"

"ఆడపిల్ల విడవకూడదు."

"మరి పోయిన ఆయప్ప తృప్తి మాట ఎందుకెత్తితివి సామీ?"

జగదీష్‌కు ఉక్రోషం వచ్చింది. "పెద్దనాయన్ను దప్పికతో పెడతావా పెద్దమ్మా?"

"మీ గడప ముందర ఇన్నేండ్లు దప్పికతోనే ఉండె గదరా. అప్పుడు యాడ పోతివి?"

సరోజమ్మ లేచింది. చెంబెత్తి పోయి ఆ నీళ్లు రాఘవేంద్ర గడపలోనే ఒంపి వచ్చింది. అయ్యవారు దర్భలు సంచిలో వేసుకున్నాడు. సాయంత్రానికల్లా వీధంతా ఒకటే మాట, మొగుణ్ణి పైలోకంలో కూడా గొంతెండబెట్టిందని.

"నాయన నీళ్ల కోసం ఎదురుచూస్తాంటాడేమోమా," అంది స్వాతి.

"చూడనీ. బతికుండంగా వద్దన్నోనికి, ఇప్పుడు నోరు లేదని పోయిస్తామా?"

గట్టిగానే అంది. ఆ తర్వాత మాత్రం కూతురి ముఖం చూడకుండా, వాకిట్లో చిందిన నువ్వులు చీపురుతో ఊడ్చింది. ఊడ్చినచోటే మళ్లీ మళ్లీ ఊడ్చింది.