రెండు కొనల బాలస్వామి

పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి సముద్రం అడుగున వేసే ఇంటర్నెట్ కేబుల్‌కు చెడిపోని అతుకు వేసి ఓడ మీద కొలువు సంపాదించడం బాలస్వామి మొదటి ఘనవిజయం. ఆనాటి నుంచి అతనికి ఏదైనా రెండు ఉండాల్సిందే. నడుముకు రెండు బెల్టులు, సంచిలో రెండో జత చెప్పులు, పట్టపగలు రెండు టార్చిలైట్లు.

కోసిగి పక్క పల్లెలో ఇది అందరికీ వినోదం, మేనమామ కంబన్నకు తలవంపు. కంబన్నంటే మాటలా! అయిదో తరగతి చదువుతో రెండుసార్లు సర్పంచి అయినవాడు, పై వీధికి నీళ్ళ ట్యాంకు కట్టించినవాడు.

ఆ ట్యాంకు కట్టించినందుకే ఊరు ఆయనకు సన్మానం చేసింది. శాలువా కప్పగానే బాలస్వామి సంచిలోంచి ఇంకోటి తీశాడు.

"ఇదెందుకురా?"

"అది జారిపోతే మామా?"

జనం విరగబడి నవ్వారు. కింది వీధి నరసన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. సర్పంచి ఎన్నికల్లో కంబన్న చేతిలో ఓడినప్పటి నుంచి అతనికీ ఆయనకూ మాటల్లేవు.

"నా పరువు తీస్తాండావు కదరా!"

"మా పని అట్లాంటిది మామా. కేబుల్‌లో వెలుగు దూరం పోయేకొద్దీ నీరసిస్తాది. దాన్ని పెంచేకి సముద్రం అడుగున రిపీటర్లని డబ్బాలుంటాయి."

"ఆడ కరెంటు స్తంభాలు ఎవరు పాతినారు?"

"కేబుల్‌లోనే రాగి ఉంటాది. రెండు ఒడ్ల నుంచీ కరెంటు పంపుతాం. ఒక ఒడ్డు మొరాయిస్తే రెండోది మొత్తం మోస్తాది. డబ్బాలో దీపాలు గూడా జోడే. ఇరవై అయిదేండ్లు పైకి తీసే పని పడకూడదు. అడుగున ఉండేది కష్టమని అరిస్తే ఎవరికి ఇనపడతాది?"

ఆ సెలవుల్లోనే అతను పై వీధి పైపు చివర నుంచి గుంత తవ్వి ఇంకో పైపు పూడ్చాడు. ఓడ ఉద్యోగి మట్టి కొట్టుకుని తవ్వుతుంటే, కంబన్న ముఖాన కండువా కప్పుకుని దొడ్డిదారిన తిరిగాడు.

"రెండో కొన యాడికి పోతాదిరా?"

"దాంతో పని పడకూడదులే మామా."

మరుసటేడు, 2006 ఎండాకాలం, ఊళ్ళో అమ్మవారి దేవర జాతర. కంబన్న ఇంటినిండా బంధువులు. విస్తళ్ళు వేసే వేళకు ట్యాంకు మోటారు కాలిపోయింది.

"ఊరికి నీళ్ళు తెచ్చిన కంబన్న ఇంట్లో చెయ్యి కడిగేకి చుక్క లేదంటప్పా!" అన్నారెవరో.

ఇక సొంత బోరున్న నరసన్ననే అడగాలి. కంబన్న చెప్పుల్లో కాలు పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు, తీశాడు.

అంతలో కొళాయి బుసకొట్టింది. నీళ్ళు!

"చూస్తిరా నా ట్యాంకు!" అని మీసం దువ్వాడు.

"ఏమప్పా కంబన్నా, నా బోరు నీళ్ళు తియ్యగా ఉండాయా?" గడప దగ్గర నరసన్న.

కంబన్న చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"పోయినేడే మీ బాలస్వామి నా పైపుకు కలిపిపోయినాడు. 'మా మామ చచ్చినా నిన్ను అడగడు, ఆయప్ప బదులు నేనే ముందు అడుగుతాండా' అన్యాడు. మోటారు కాలిందని ఇని వాల్వు తిప్పితి."

కంబన్న తల ఎత్తలేకపోయాడు. ఒక విస్తరి తీసి పరిచి, "రాప్పా, ఇస్తరి ముందర కూర్చో," అన్నాడు.

"ఒక్క ఇస్తరేనా? చిరిగితే?"

కంబన్న తలొంచుకునే రెండోది వేశాడు.

ఇప్పుడు ఆయన పెట్టెలో రెండు కొత్త శాలువాలున్నాయి. ఒక పక్క నుంచి తనొకటి, ఇంకో పక్క నుంచి నరసన్న ఒకటి కప్పాలని ఒప్పందం. బాలస్వామి ఓడ దిగి ఊరికి వచ్చేది జూన్ పద్నాలుగున.