ఆ పిల్ల నువ్వు కాదనుకో

నా చిన్నప్పుడు నేను రాసిన మొట్టమొదటి కథలో, చనిపోయిన మా తమ్ముడు బతికి ఇంటికి వస్తాడు. ఏటిపాయలో కొట్టుకుపోతున్న వాణ్ణి ఎవరో పడవవాళ్లు చూసి, పైకి లాగి, అన్నం పెట్టి, మా గుమ్మం ముందు దింపి వెళ్తారు. మా నాన్న ఆ రోజుతో తాగుడు మానేస్తాడు. నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పుతాడు. రెండు పేజీల్లో అందరి కష్టాలూ తీరిపోయాయి.

నిజానికి వాడు మర్నాడు పొద్దున మడచెట్ల వేళ్ల దగ్గర దొరికాడు. వాడికి ఐదేళ్లు. నాకు తొమ్మిది.

మాది నాగాయలంక దాటి ఇంకా లోపలికి వెళ్తే, పాయ ఒడ్డున ఉండే చిన్న పల్లె. నాన్న సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని నాగాయలంక వెళ్లి అమ్ముకొచ్చేది. ఆ రోజు గాలి బాగా లేదని నాన్న వేటకు వెళ్లలేదు. పడవకు ఏదో పని ఉందని పొద్దున్నే బయటికి వెళ్లాడు. అమ్మ గంప ఎత్తుకుంటూ "తమ్ముడు జాగ్రత్త" అని నాకు చెప్పి వెళ్లింది.

సాయంత్రం ఊరంతా పాయ గట్టున వెతుకుతుంటే, వాడు కనబడకుండా పోయినప్పుడు నువ్వెక్కడున్నావని ఎవరో నన్ను అడిగారు. వాడికి అన్నం పెడదామని లోపలికి వెళ్లానన్నాను. అది అబద్ధం. మా అమ్మ ఆ అబద్ధాన్ని నమ్మింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ, "దాని తప్పేముందమ్మా, తమ్ముడికి అన్నం తేవడానికే కదా లోపలికెళ్లింది" అని చెప్పుకుని ఏడ్చేది. నన్ను కొట్టి ఉంటే నాకు అంత నరకంగా ఉండేది కాదు. నాన్న మాత్రం ఏమీ అనలేదు. నాతో మాట్లాడటం మానేశాడు. నేను ఎదురొస్తే పక్కకు చూసేవాడు. ఆయనకు తెలిసిపోయిందని నేను అనుకున్నాను. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

మా పక్కింటి అక్క బందరులో టీచర్ ట్రైనింగ్ చదువుతుండేది. వేసవి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, మా వీధి పిల్లలందరినీ వాళ్ల వరండాలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పడం ఆమెకు సరదా. ఒకరోజు మా అందరికీ తలా నాలుగు కాగితాలిచ్చి, ఎవరికి తోచిన కథ వాళ్లను రాసుకు రమ్మంది. నేను రాసింది పైన చెప్పిన కథే.

మిగతా పిల్లల కథలు పైకి చదివించింది కానీ, నాది చదివించలేదు. అందరూ వెళ్లాక నన్ను ఆపింది.

"మీ నాన్న నిన్ను ఇలా ఎత్తుకుంటాడా?" అంది.

"నా వంకే చూడడక్కా."

"మరి అదే రాయొచ్చుగా? ఆ రోజు ఏం జరిగిందో రాయి."

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఎందుకని అక్క అడగలేదు. కాసేపు నా తల నిమిరి, మరో నాలుగు కాగితాలు తెచ్చి చేతిలో పెట్టింది. "నేను అని రాయకు. ఒక పిల్ల ఉంది, ఎక్కడో వేరే ఊళ్లో. ఆ పిల్ల నువ్వు కాదనుకో. దానికేం జరిగిందో రాయి. చాలు" అంది.

ఎంత చిన్న కిటుకో చూడండి. నేను అనే మాట తీసేయగానే నా చెయ్యి కదిలింది. మూడు రోజులు రాశాను. ఆ పిల్ల తొక్కుడుబిళ్ల ఆడుతోంది. చాలాసేపు ఎదురుచూశాక దాని వంతు వచ్చింది. అంతలో తమ్ముడు వచ్చి దాహం అన్నాడు. ఇంట్లో కుండ పీట మీద ఎత్తుగా ఉంటుంది, వాడికి అందదు. పిల్ల బిళ్ల మీద నుంచి చూపు తిప్పకుండానే "పోరా" అంది. వాడు వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఆటలో గెలిచింది కూడా.

అక్క అది రెండుసార్లు చదివింది. తర్వాత నెమ్మదిగా, "ఈ పిల్లకి ఎన్నేళ్లు?" అంది.

"తొమ్మిది."

"తొమ్మిదేళ్ల దానికి పసివాణ్ణి పొద్దుగూకేదాకా అప్పజెప్పారా? ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ లేరా?"

ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టనే లేదు. కాగితంలో ఉన్న పిల్ల వంక చూశాను. నిజంగానే చాలా చిన్నది. దాని మీద మొదటిసారి నాకు జాలి వేసింది.

"ఈ పిల్లకి వాళ్లమ్మతో నిజం చెప్పాలని ఉందా?" అంది అక్క. ఉందన్నాను. "అయితే ఇలాగే చదివి వినిపించు" అంది.

ఆ సాయంత్రం వెలుగు ఉండగానే, అక్క రాయమన్న కథ అని చెప్పి చదవడం మొదలుపెట్టాను. అమ్మ చాప మీద రొయ్యపొట్టు ఏరుతోంది. నాన్న అరుగు మీద చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. తమ్ముడు దాహం అన్న చోటికి వచ్చేసరికి అమ్మ చెయ్యి ఆగిపోయింది. చివరిదాకా కదలకుండా విన్నది. విని, లేచి వచ్చి, నా చెంప మీద రెండు దెబ్బలు కొట్టింది. లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను కాగితాలు పట్టుకుని అలాగే కూర్చున్నాను. అప్పుడు నాన్న తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ పిల్ల వాళ్ల నాన్న ఎక్కడున్నాడో రాయలేదే?"

ఎనిమిది నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

"పడవ దగ్గర ఉన్నాడు" అన్నాను భయంభయంగా.

"లేడు. సారా కొట్టు దగ్గరున్నాడు. పిల్లోడు నీళ్లకని అక్కడికే వచ్చాడు. చుట్టూ నలుగురున్నారని సిగ్గేసి, ఇంటికి పొమ్మని కసిరాడు. ఆడు గట్టెంట ఒక్కడే ఎనక్కెళ్లాడు. అది కూడా రాయి."

రాశాను. ఆయనకు చదువు రాదు. రాయడం అయ్యేదాకా నా పెన్సిల్ వంకే చూస్తూ ఉన్నాడు. "రాశావా? చదువు. మీ అమ్మకి ఇనబడేలాగ చదువు" అన్నాడు. చదివాను. లోపల నుంచి అమ్మ ఏడుపు వినిపించింది. ఆయన మళ్లీ వల అందుకున్నాడు కానీ, వేళ్లకు ముడి దొరకలేదు.

ఆ తర్వాత మా ఇల్లు బాగుపడిందని చెబితే అది నా మొదటి కథలాంటిదే అవుతుంది. అమ్మ నాన్నతో ఏడాది పైగా మాట్లాడలేదు. ఆయన తాగుడు మానలేదు. నేను పదో తరగతిలో ఉండగా ఆ తాగుడుతోనే పోయాడు. మారింది ఒక్కటే. ఆ సాయంత్రం నుంచి ఆయన ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడల్లా, ఎక్కడికి వెళ్తున్నదీ నాతో చెప్పి వెళ్లేవాడు. "పాపా, పడవ దగ్గరుంటాను." "పాపా, సారా కొట్టు దగ్గరుంటాను." చివరి రోజుల్లో మంచం మీద నుంచి లేవలేని స్థితిలో కూడా, "ఇక్కడే ఉన్నానమ్మా" అనేవాడు. ఇక అమ్మ, ఆ అన్నం మాట మళ్లీ ఎవరితోనూ అనలేదు. చాలా నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది.

నేనూ టీచర్నే అయ్యాను. రిటైరయ్యి గుడివాడలో ఉంటున్నాను. అప్పుడప్పుడూ కథలు రాస్తాను. మీ కథల్లో మనుషులు మారరేమండీ అని కొందరు అడుగుతుంటారు. మారతారు. ఒక మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పి వెళ్లడం మొదలుపెట్టడం మార్పే అని నేను మా ఇంట్లో చూశాను కాబట్టి, అంతకంటే పెద్ద మార్పు రాయబోతే నా చెయ్యి ఆగిపోతుంది.

ఎవరి మీదైనా తప్పు పెట్టాల్సి వచ్చినప్పుడు, కథలోనైనా బయటైనా, ముందు వాళ్ల వయసు అడుగుతాను. మిగతావాళ్లంతా ఆ వేళకు ఎక్కడున్నారో అడుగుతాను. ఇది అక్క నాకు ఇచ్చింది. కాగితం మీది పిల్లను నేను ఆనాడే క్షమించగలిగాను. ఆ పిల్ల నేనేనని ఒప్పుకుని క్షమించడం మాత్రం, డెబ్బయ్యో పడిలో పడ్డాక కూడా, ఇంకా కొంచెం మిగిలే ఉంది.