పచ్చి ధాన్యం తరుగు

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో ఉన్నవి: ఆరు కంప్యూటర్లు, ఒక సీలింగ్ ఫ్యాను, ఒక నల్లబల్ల. ఉన్నవాళ్లు: మా సారు, ఆయన పిలిపించిన రైస్ మిల్లు యజమాని, నేను, నాతో ఒకే కంప్యూటర్ మీద జావా నేర్చుకుంటున్న అమ్మాయి.

అది 1999. రాయపూర్‌లో ఇలాంటి సెంటర్లు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. ఆమెది రైల్వే కాలనీ, గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాది శ్రీకాకుళం. మిల్లు యజమానికి నచ్చే ప్రోగ్రాం రాసిన జంటను ల్యాబ్ అసిస్టెంట్లుగా పెట్టుకుంటానని సారు మాటిచ్చారు. ఆ పని దొరక్కపోతే ఆమెను నర్సింగ్ చదువుకు గుంటూరు పంపించేస్తారు. ఆమె ఇక్కడే ఉండిపోతే చాలనుకునేవాణ్ణి. పైకి మాత్రం అనలేదు.

ప్రోగ్రాం చిన్నదే. ధాన్యం అనే రకానికి ఒక క్లాసు, అందులో ఒక మెథడ్, అది క్వింటాలుకు కిలో తరుగు చెబుతుంది. దాన్నుంచి పుట్టిన పచ్చి ధాన్యం క్లాసులో అదే పేరుతో ఇంకో మెథడ్. తేమ ఎక్కువ కాబట్టి అది మూడు కిలోలు చెబుతుంది. అయితే మెయిన్ నుంచి మెథడ్‌ని నేరుగా పిలిస్తే కంపైలర్ ఒప్పుకోలేదు. దానికి మా బ్యాచ్ మొత్తానికీ తెలిసిన మందు ఒక్కటే, మెథడ్ ముందు స్టాటిక్ అని తగిలించడం.

"పెట్టెయ్ పార్ట్‌నర్, చుప్ అయిపోద్ది," అంది ఆమె.

"రెండింట్లోనూనా?"

"రెండింట్లోనూ. ఎంత సోచ్ చేస్తావయ్యా సైంటిస్టూ!"

పెట్టాను. కంపైలర్ తప్పు చూపడం మానేసింది. క్లాసుల పేర్లతో విడివిడిగా పిలిస్తే ఒకటి, మూడు అని సరిగ్గానే వచ్చింది. దాంతో నమ్మేశాం.

మిల్లు యజమాని పది క్వింటాళ్ల లెక్క ఇచ్చాడు. ఆరు ఎండువి, నాలుగు పచ్చివి. పదింటినీ ధాన్యం రకం అర్రేలో, అంటే ఒకే పేరు కింది వరుసలో ఉంచి, ఒక్కోదాని తరుగూ అడిగి కలిపాం. తెర మీద పది కిలోలని వచ్చింది.

"అరే బేటీ, గీలా సూఖా సబ్ బరాబర్? మేరా మిల్ బంద్ కరాఓగే క్యా?" అని ఆయన నవ్వుతూనే లేచాడు. పచ్చికీ ఎండుకీ ఒకటే తరుగైతే మిల్లు మూసుకోవాల్సిందేనట. చాయ్ కూడా తాగలేదు. ఆ పని ఇంకో జంటకు వెళ్లిపోయింది.

సారు నల్లబల్ల మీద వేసి చూపించారు. మామూలు మెథడ్ అయితే లోపలున్న వస్తువు ఏ రకమో చూసి నడుస్తుంది. స్టాటిక్ అయితే అలా చూడదు, మనం ప్రకటించిన రకం పేరుతోనే తేలిపోతుంది. పిల్ల క్లాసులో అదే పేరుతో రాసినది తల్లి మెథడ్ స్థానంలోకి రాదు. మేం అర్రేని ధాన్యం అని ప్రకటించాం కాబట్టి పచ్చివాటినీ ఎండువాటిలాగే తూచింది.

సైకిల్ స్టాండ్ దగ్గర ఆమె నవ్వబోయి ఆగింది. "పోన్లే. ఇంజెక్షన్లకి స్టాటిక్కులుండవుగా."

"ఎప్పుడు?"

"ఎల్లుండి బండికి. ఉత్తరాలూ గిత్తరాలూ రాయకు బాబూ, మా నాన్న ముందు చదివేస్తారు."

సరేనన్నాను. అనవలసింది అది కాదు.

ఆమె వెళ్లాక ల్యాబ్‌కి తిరిగొచ్చి రెండు మెథడ్‌ల ముందూ స్టాటిక్ తీసేశాను. మెయిన్‌లోని పిలుపుల్ని వస్తువుల ద్వారా వెళ్లేలా మార్చాను. ఎంటర్ ఎప్పుడూ ఆమే నొక్కేది, నా మోచేతిని పక్కకు తోసి మరీ. కాసేపు ఆగాను. తర్వాత నేనే నొక్కాను.

మొత్తం తరుగు: పద్దెనిమిది కిలోలు.