ఏడో మగ్గం గుంట

కొత్త మేనేజరు దివాకర్ సారు ఉద్యోగంలో చేరిన రోజు, ఉదయం పది దాటి ఐదు నిమిషాలకు, మా నేత షెడ్డులోని ఏడో మగ్గం గుంటలో మోకాలి దాకా దిగబడ్డారు. బూటు తొక్కుడు కర్రల మధ్య ఇరుక్కుంది. ముందు కాలు తీశాం, తర్వాత బూటు తీశాం. నవ్వింది ఒక్కరే. ఆ ఒక్కణ్ణి నేనే, షెడ్డు గుమాస్తాను.

వారం తిరక్కుండానే గోడకు నోటీసు అంటించారు. గుంట మగ్గాలు తీసేసి, గుంటలు పూడ్చి, ఇనుప స్టాండు మగ్గాలు పెడతారట. అప్పటికి ఆర్డర్లకు తక్కువ లేదు, చీర బాగోలేదని తిప్పి పంపినవాళ్లూ లేరు. పైవాళ్లకు రాసిన కాగితంలో సారు పదకొండు కారణాలు చూపించారు. బూటు సంగతి అందులో లేదు.

ఏడో మగ్గం వెంకటనర్సమ్మది. అంతకుముందు ఆమె భర్త రామచంద్రయ్యది. నార్కట్‌పల్లి రోడ్డు పక్కన షెడ్డు కట్టిననాటి నుంచి ఆయన కాళ్లు ఆ గుంటలోనే ఉన్నాయి. మొన్న వానాకాలంలో నేస్తూ నేస్తూ మగ్గం మీదే తల వాల్చి పోయాడు. చీర సగంలో ఉంది. మొదలుపెట్టిన పడుగును ఇంటివాళ్లే, అదే గుంటలో కూచుని నేసి దింపాలని వాళ్లింటి పద్ధతి. దినాలు కాగానే నర్సమ్మ వచ్చి ఆయన జాగాలో కూచుంది. కళ్లద్దాలకు ఒక పక్క పుల్ల లేక దారం కట్టుకునేది. మాట తక్కువ. తను తొక్కకముందే ఒక్కోసారి కుడి కర్ర కిందికి పోతుందని నాతో ఒకసారి అన్నది. నేను నవ్వాను. నాకు నవ్వు కొంచెం తొందరగా వస్తుంది.

నోటీసు చూసి ఆమె సారు దగ్గరికి వెళ్లింది.

"పదిహేను దినాలు ఆగుండ్రి సారూ. చీర దింపినంక గుంట పూడ్చుకోండ్రి."

సారు సరే అనబోయారు. పెదవి కదలడం నేను చూశాను. అంతలో ఆయన చూపు నా మీద పడింది.

"ఒక్కరికి ఆగితే అందరికి ఆగాలె. సోమవారం పెద్దసార్లు వస్తున్నరు."

నర్సమ్మ పడుగును తెగకుండా కర్రకు చుట్టుకుని, దుప్పట్లో కట్టుకుంది. స్టాండు మగ్గం ఎక్కలేదు. రోజూ తొమ్మిదింటికి వచ్చి, మూట ఒళ్లో పెట్టుకుని గోడ వారన కూచునేది.

మిగతా ఎనిమిది గుంటలు ఒక్క పూటలో పూడాయి. ఏడోది పూడలేదు. సాయంత్రం నింపిన మట్టి పొద్దుటికి జానెడు దిగేది. మూడు రోజులు పోసి పోసి, చివరికి పైన షాబాదు బండ పరిచారు. వెలుతురు బాగా పడే చోటు అదేనని సారు తన కుర్చీ, బల్ల దాని మీద వేయించుకున్నారు.

కుర్చీ వేసిన నాలుగో రోజున బల్ల మీద గ్లాసులో చాయ్ వణికింది. రోడ్డు మీది లారీలవల్ల అన్నారు సారు. బంద్ నాడు ఒక్క లారీ తిరగలేదు. ఆ రోజూ వణికింది. తర్వాత చప్పుడు మొదలైంది. బండ కింద ఒక తొక్కు, కాస్త ఆగి ఇంకో తొక్కు. మధ్యలో ఆగింది, పేక దారం మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పోయేంత సేపు. నేసేవాళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు. అందరూ తలలు దించుకున్నారు. ఒంటిగంటకు ఆగేది. ఒకటిన్నరకు మళ్లీ మొదలయ్యేది. రామచంద్రయ్య బువ్వ తినే వేళ అదే.

నేను నా బల్లను మెల్లగా తలుపు దాకా జరుపుకున్నాను. సారు జరగలేదు. పెద్దసార్లు ఆ కుర్చీలోనే ఆయనకు ఫోటో తీసి పోయారు మరి. కాళ్లు మాత్రం నేల మీద ఆనించడం మానేశారు. సంతకాలు పెడుతున్నంతసేపూ రెండు బూట్లూ కుర్చీ పట్టెమీదే ఉండేవి.

ఒక మధ్యాహ్నం, ఒకటిన్నర కాగానే, సారు చెమటలు తుడుచుకుంటూ లేచి నర్సమ్మ ముందుకు వచ్చి నిలబడ్డారు. షెడ్డంతా వింటోంది.

"అమ్మా, నా కుర్చీ కింద ఎవరో తొక్కుతనే ఉన్నరు. నన్ను పని చేసుకోనిస్తలేరు."

నర్సమ్మ ఒళ్లోని మూట సర్దుకుంది.

"ఆయన చీర ఇంకా సగంలనే ఉన్నది సారూ, మీరే జర జరుగుండ్రి."