తేలే టర్బైన్ ఒరిగిన పక్క

2023లో, జులై, ఆగస్టుల్లో వచ్చే ఆడిమాసం గాలికి తమిళనాట కయత్తారు గాలిమరలు తీరిక లేకుండా తిరుగుతున్న రోజులు. నేను దగ్గర్లోని కోవిల్‌పట్టిలో ఒక చిన్న ఆఫీసులో కండిషన్ మానిటరింగ్ పని చేసేవాణ్ణి. టర్బైన్‌లోని సెన్సర్లు పంపే అదురును తెరమీద చూసి, ఏ భాగం పాడవబోతోందో ముందే చెప్పడం ఆ పని. మేం చూసేవి యూరప్ సముద్రంలో తేలే టర్బైన్లు. మాలో సగంమంది పడవైనా ఎక్కినవాళ్ళం కాదు. సముద్రం చూడకనే సముద్రానికి వైద్యమా అని మా అమ్మ ఆటపట్టించేది.

మా టీమ్ లీడర్ రాజ్యం అక్కది ఆ పక్కనే నాగలాపురం రైతుకుటుంబం. కయత్తారు టర్బైన్లు ఎక్కి దిగి రాటుదేలిన మనిషి. ఒకరోజు ఒక టర్బైన్‌లో బేరింగ్ అదురుతోందని అలారం వచ్చింది. బేరింగే పాడైందని అక్క రిపోర్టు పంపింది. దాన్ని మార్చడానికి మర్నాడు ఇద్దరు టెక్నీషియన్లను ఎక్కించాలని అక్కడివాళ్ళు ఏర్పాటు చేసుకున్నారు.

మర్నాడు పొద్దున నేను టీ తెచ్చేసరికి అక్క మొహం పాలిపోయి ఉంది. నేలమీది టర్బైన్ పునాది కదలదు గనక, నెమ్మదిగా ఊగే కదలికను ఫిల్టర్‌తో తీసేసి చూడటం మా కయత్తారువాళ్ళ అలవాటు. అక్కా అదే చేసింది. ఇప్పుడు ఫిల్టర్ తీస్తే, అలలకు అటూ ఇటూ ఊగాల్సిన టర్బైన్ ఒక పక్కకే ఒరిగి కనిపించింది.

"పందిలికి ఒక తాడు లూజైతే ఎట్ల వొరుగును, అట్ల ఉండాది," అంది అక్క.

టర్బైన్‌ను లంగర్లకు కట్టి ఉంచే మూరింగ్ గొలుసుల్లో ఒకటి సడలి, ఆ ఒరుగుకే బేరింగ్ అదిరిందని ఆమె అనుమానం. మిగతావి తెగితే పైనున్నవాళ్ళ గతేమిటి? అయితే ఆ క్లయింటు కొత్తవాడు. రిపోర్టు తప్పంటే అక్క ఉద్యోగానికే ఎసరు. ఇంకాస్త చూసి చెబుదాం అన్నాను.

"ఆడ పడవ బయలుదేరతా ఉండాది. నా పేరు చూసుకునేదానికి ఇదా టైము?"

ఫోను తీసి, నీళ్ళు నమలకుండా ఇంగ్లీషులో చెప్పేసింది. నిన్నటి నా రిపోర్టు తప్పు, ఎవర్నీ ఎక్కనివ్వకండి, ముందు గొలుసులు చూడండి అని. అవతలి మేనేజరు బాగా విసుక్కున్నాడు. అయినా పడవను ఆపాడు.

నీళ్ళలోకి కెమెరా దింపి చూస్తే, ఒక లంగరు జరిగి దాని గొలుసు సడలి ఉంది. ఆ భారమంతా మోసిన పక్క గొలుసు లింకు పగిలి ఉంది. మేనేజరు మళ్ళీ ఫోన్ చేసి, ఎక్కాల్సిన ఇద్దరిలో ఒకతనికి ఇచ్చాడు. అతనేమన్నాడో నాకు వినబడలేదు. ఈసారి అక్క నోట ఇంగ్లీషు రాలేదు. "సంతోసం నాయనా," అని ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంది.

యంత్రంలో లోపం పట్టడం నాకు చాలామంది నేర్పారు. పంపేసిన తన రిపోర్టులోనే లోపం వెతికే మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. ఇప్పటికీ రిపోర్టు పంపాక, ఫిల్టర్ తీసి మరొక్కసారి చూడకుండా నేను ఇంటికి వెళ్ళను.