ఇసుక మీద గోధుమ పొర

మొన్న వైట్‌ఫీల్డ్‌లో పంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. గది మూలలో ఒక గాజు తొట్టి ఉంది. దాన్ని శుభ్రం చేసే మనిషి వచ్చి మూత తీసి పక్కన పెట్టగానే గదిలోకి ఒక వాసన వచ్చింది. ఉప్పు, తడిసిన రాయి, వాటి వెనక ఎక్కడో సన్నగా పచ్చివాసన. తొట్టిలో నీలం వెలుగు కింద తెల్లటి ఇసుక మీద గోధుమ రంగు పొడి పరుచుకుని ఉంది, ఎవరో కాఫీ పొడిని జల్లెడ పట్టినట్టు. ఆ మనిషి స్పాంజి చేతిలోకి తీసుకున్నాడు. ఏదో అనబోయాను. అంతలో నా పేరు పిలిచారు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నంతసేపూ పైనున్న దీపం నాకు కనిపించలేదు. కాటన్‌పేటలో ఒక పొడవాటి చీకటి గది, ఆ గది చివర వెలుగుతున్న రెండడుగుల సముద్రం, దాని ముందు ముక్కాలిపీట మీద కూర్చున్న నరసింహప్ప పెదనాయన కనిపించారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. హిందూపురం నుంచి బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చి, కాటన్‌పేటలో వాళ్ళింటి మేడ మీది గదిలో అద్దెకు దిగాను. కంపెనీ వైట్‌ఫీల్డ్‌లో. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకోవడం నా పని. బస్సులో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. నరసింహప్పగారి ముత్తాతల కాలంనుంచీ వాళ్ళది పత్తి వ్యాపారం. దుకాణం అప్పటికే మూసేశారు గానీ సందులో మిగిలిన దుకాణాల పత్తి గాలిలో తేలుతూ వచ్చి వాళ్ళ కిటికీ ఊచలకు అంటుకునేది. వచ్చిన మొదటి రోజు నేను "అంకుల్" అని పిలిస్తే ఆయన చుట్టూ చూశారు. "అంకులంటే ఎవురో ఆఫీసరు అనిపిస్తాదమ్మా. పెదనాయనా అను" అన్నారు. ఆయన భార్య చంద్రమ్మ అట్లాగే నాకు పెద్దమ్మ అయింది.

యాభై ఏళ్ళ వయసు దాకా ఆయన సముద్రం చూడలేదు. మొదటిసారి రామేశ్వరం పోయినప్పుడు, పడవవాడొకడు అడుగున గాజు బిగించిన చెక్కపెట్టె నీళ్ళ మీద పెట్టి, లోపలికి చూడమన్నాడట. పెద్దమ్మ గుడికి ఆలస్యమైందని పిలుస్తూనే ఉందట, ఈయన ఆ పెట్టెలోంచి తల ఎత్తలేదట. "ఇన్ని దినాలు పత్తిలో మొకం పెట్టుకోని బతికినా. కింద ఇంత ఉండాదని ఒక్కరూ చెప్పలే" అనేవారు. ఇంటికి రాగానే తొట్టి కట్టించారు. తెలిసిన లారీ డ్రైవరు మద్రాసు నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్ళు తెచ్చేవాడు. తమిళనాడు సరిహద్దులోని అత్తిబెలె చెక్‌పోస్టులో ఒకసారి వాటిలో ఏముందని ఆపితే, డ్రైవరు ఏం చెప్పినా నమ్మక, అక్కడి ఉద్యోగి వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేసి పొమ్మన్నాడట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పెదనాయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వేవారు.

ఆ తొట్టిలో తెల్లటి ఇసుక, గుహల్లాంటి రాళ్ళు, వాటిని అంటుకుని నత్తలు, రాళ్ళ మీద మెల్లగా విచ్చుకుని ముడుచుకునే పగడపు జీవులు, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండు ఉండేవి. బస్సు దిగి వచ్చాక నేను మేడ ఎక్కేముందు కాసేపు అక్కడే నిలబడేదాన్ని. నీళ్ళు తిప్పే మోటారు సన్నగా మూలిగేది. చేపలు నిద్రలో నడుస్తున్నట్టు కదిలేవి. నీలం వెలుగు గోడమీద అలలల్లే ఊగుతుంటే, ఆ ఇల్లే ఎక్కడో నీటి అడుగున ఉన్నట్టూ, పైన బెంగళూరు పడవలా పోతున్నట్టూ అనిపించేది.

ఆయన కళ్ళకు నీటికాసులు. చూపు నాలుగు పక్కలనుంచీ ముడుచుకుంటూ వస్తోంది. ఆపరేషన్ చేశాక దుమ్ము తగలకూడదని, పత్తి గాలి అసలే పనికిరాదని డాక్టరు చెప్పడంతో, అత్తిబెలెలో ఉన్న కూతురింట్లో రెండు వారాలు ఉండటానికి ఇద్దరూ బయల్దేరారు. తాళంచెవి నా చేతికిస్తూ పెదనాయన చెప్పిన జాగ్రత్తలు మూడే. పొద్దున చిటికెడు మేత. ఆవిరై తగ్గినన్ని నీళ్ళు నీలం క్యానులోంచి పోయడం. "మూడోది, చెయ్యి పెట్టొద్దు. ఏమన్నా అయితే సుమ్మనే, ఊరికే చూస్తా ఉండు, నాకు ఫోన్ చెయ్యి."

రెండు వారాలు నాలుగయ్యాయి. నీలం క్యానులో ఆయన వడకట్టి ఉంచిన నీళ్ళు అయిపోయాయి. నేను బోరు నీళ్ళు పట్టి పోశాను. నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాను. నాలుగైదు రోజులకు ఇసుక మీద గోధుమ పొర కనిపించింది. మొదట ఒక మూల, తర్వాత అంతటా. తుడిచాను. మర్నాటికి మళ్ళీ వచ్చింది. ఇసుకను గరిటెతో కలియబెట్టాను, మళ్ళీ వచ్చింది. నా ఉద్యోగంలో ఆ నెల నేను వదిలేసిన తప్పొకటి బయటపడి మేనేజరు నలుగురిలో మాటలన్నాడు. ఆ కోపమంతా ఆ పొర మీదే తీర్చుకున్నానేమో. ఆపరేషనైన మనిషిని కంగారు పెట్టకూడదని ఫోన్ చేయలేదనుకున్నాను. నిజానికి, ఆయన వచ్చేసరికి అద్దంలా ఉంచి మెప్పు పొందాలని నా ఆశ. ఒక శనివారం ఇసుకంతా చేటతో ఎత్తి బకెట్లో వేసి, కుళాయి కింద పిసికి పిసికి కడిగి మళ్ళీ పరిచాను. ఆ సాయంత్రం ఆ ఇసుక పంచదారలా మెరిసింది. అంత గర్వంగా నేనెప్పుడూ లేను.

తెల్లవారేసరికి నీళ్ళు బియ్యం కడుగులా మారాయి. పగడాలు ముడుచుకుపోయాయి. ఒక చేప రాయి పక్కన వెల్లకిలా పడి ఉంది. రెండోది పైకి వచ్చి నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఈ మాట ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. అత్తిబెలె బస్సెక్కాను.

కూతురింటి వరండాలో పెదనాయన నల్లకళ్ళద్దాలతో కూర్చుని ఉన్నారు. రోడ్డు మీద లారీలు వరసగా నిలబడి గుర్రుమంటున్నాయి. నేను నిలబడే చెప్పేశాను. బోరు నీళ్ళు, గోధుమ పొర, కడగడం, చేప. ఆయన నా గొంతు వైపు తల తిప్పారు. తర్వాత అడిగారు.

"ఆ పొర పొడి మాదిరి ఉండెనా, దారం మాదిరి ఉండెనా?"

"తెలీదు పెదనాయనా."

"దాంట్లో బుడగలు ఉండెనా?"

"చూడలేదు."

"పొద్దున తగ్గి సాయంత్రానికి పెరుగుతా ఉండెనా? నత్తలు తింటా ఉండెనా?"

అదీ నేను చూడలేదు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

"పది దినాలు దాన్ని తుడిచినావు కదమ్మా. ఒక్క దినం కూడా చూళ్ళేదే."

పెద్దమ్మ మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. పెదనాయన ముందుకు వంగి చేయవలసింది చెప్పారు. మెట్ల కింద డ్రమ్ములో సముద్రపు నీళ్ళున్నాయి. పోయి సగం నీళ్ళు మార్చు. రాళ్ళను కదిలించొద్దు. వాటిలోనే ప్రాణం ఉంది, తొట్టిని మళ్ళీ నిలబెట్టేది అవే. రెండో చేప బతకొచ్చు. నేను గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచారు. "సుజాతా, ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో సూది బెజ్జమంత ఉండాదంట. ఇంటికి వచ్చినాక నువ్వే చూసి చెప్పాల."

రెండో చేప బతికింది. వాళ్ళు ఇల్లు చేరిన వారానికి గోధుమ పొర మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా చిక్కగా. ఇసుక కడిగేశాం కాబట్టి తొట్టి మళ్ళీ పసిబిడ్డయిందన్నారాయన. అది విడివిడిగా కంటికి కనపడనంత సన్నని నాచు. నేను పోసిన బోరు నీళ్ళలో కరిగి ఉన్న రాతి సారమే దానికి తిండి. ఆ తిండి అయిపోతే అదే పోతుంది. ఇక వడకట్టిన నీళ్ళే పోయాలి, దీపం కాస్త తక్కువసేపు వెలగాలి, మేత తగ్గించాలి. మిగతాదంతా ఓపిక.

రోజూ పొద్దున బస్సుకు ముందు పది నిమిషాలు నేను తొట్టి ముందు కూర్చుని, కనిపించింది ఆయనకు చెప్పాలి. మొదట్లో "అట్లనే ఉంది" అనేదాన్ని. "అట్లనే అంటే ఎట్ల?" అనేవారు. తర్వాత నాకు మాటలు రావడం మొదలైంది. పొద్దున పలచగా ఉంటుంది, సాయంత్రానికి ముదురుతుంది. నీళ్ళు వడిగా తిరిగే చోట తక్కువ, రాయి నీడలో అసలు లేదు. నత్త నడిచిన మేర తెల్లటి దారి పడింది, అది మెలికలు తిరిగి మళ్ళీ మొదటికే వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. నా మాటల వెంట ఆయన ఆ దారిలో నడుస్తున్నట్టు ఉండేది. ఆఫీసుకు పోయాక కూడా ఆ పది నిమిషాలు నన్ను వదిలేవి కావు. తప్పు కనిపించగానే ఎవరిదని అరవకుండా అది ఎప్పుడు వస్తోంది, ఎక్కడ రావడం లేదు అని చూసేదాన్ని. మేనేజరు మెచ్చుకోలేదుగానీ మాటలనడం మానేశాడు.

అయిదు వారాలు పట్టింది. ఒక పొద్దున చూస్తే ఇసుక తెల్లగా ఉంది. చెప్పాను.

"అంతానా?" అన్నారు.

అవునంటే ఆయన ఎంత సంతోషపడతారో నాకు తెలుసు. ఆయన చూడలేరనీ తెలుసు. మళ్ళీ వంగి చూశాను.

"ఎడమ మూల వెనక ఇంకా ఉండాది పెదనాయనా. అరచేతంత."

ఆయన ముఖమంతా విప్పారింది. "అట్ల చెప్పు" అన్నారు. నా బాల్యం నాటి యాస అప్రయత్నంగా నోట్లోకి వచ్చిందని అప్పుడు గమనించాను.

పెళ్ళయి వైట్‌ఫీల్డ్‌కు మారాక కాటన్‌పేటకు పోవడం తగ్గింది. రెండేళ్ళకు ఆయన చూపు పూర్తిగా పోయిందని పెద్దమ్మ ఫోన్లో చెప్పింది. ఆ ఏడే నాకు అయిదో నెలలో కడుపు పోయింది. మా వాళ్ళందరూ మంచివాళ్ళే. మళ్ళీ పుడతారన్నారు, మనసు మళ్ళించుకోమన్నారు, ఏదైనా ఊరు పోయి రమ్మన్నారు. మూడు వారాలకే ఆఫీసులో చేరి, అడిగిన వాళ్ళకల్లా జ్వరమని చెప్పాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎందుకో తెలియకుండానే, పెదనాయన ఇంటికి పోయాను. ఆయన తొట్టి ముందే కూర్చుని, మోటారుకు వణికే గాజు మీద అరచెయ్యి ఆనించి ఉన్నారు. నా అడుగుల చప్పుడుకే నన్ను పోల్చుకున్నారు. నేను అలవాటు కొద్దీ తొట్టిలో ఏముందో చెప్పబోయాను.

"అది ఉండనీలే. నీ మొకం ఎట్ల ఉండాదో చెప్పు."

"బాగుంది పెదనాయనా."

"బాగుందా అని అడగలే. ఏముండాదో చెప్పు."

తొట్టి గాజులో నా ముఖం కనిపిస్తోంది. చాలా రోజులుగా నేను దాన్ని చూడలేదు. కళ్ళ కింద నలుపు ఉందని చెప్పాను. బుగ్గలు లోపలికి పోయాయని చెప్పాను. పెదవి పగిలిందని, జుట్టు దువ్వుకోలేదని, రవికె వదులైందని చెప్పాను. అట్లా ఒక్కొక్కటే చెబుతూ చెబుతూ, బిడ్డ పోయిందని చెప్పాను. ఆడపిల్ల అని చెప్పాను. ఆ మాట నా భర్త దగ్గర కూడా పైకి అనలేదు. పెదనాయన ఓదార్చలేదు. ఏం చేయాలో చెప్పలేదు. గాజు మీది చెయ్యి తీసి నా తల మీద పెట్టి, నేను ఆగేదాకా అట్లాగే ఉంచారు. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత మూడేళ్ళు ఉన్నారాయన. చివరి జబ్బులో అత్తిబెలెకు తీసుకుపోయారు, అక్కడే పోయారు. తొట్టిని, అప్పటికీ బతికే ఉన్న ఆ చేపని, అలాంటివి పెంచడం తెలిసిన ఒక మాస్టారికి పెద్దమ్మ ఇచ్చేసింది. నాకూ ఇస్తానంది. మా ఫ్లాటులో చోటు లేదన్నాను. ఇప్పుడనిపిస్తుంది, చోటు చేసుకుని ఉండాల్సింది.

ఇప్పుడు నాకో కూతురు, తొమ్మిదో తరగతి. కొన్ని సాయంత్రాలు అది స్కూలునుంచి వచ్చి సంచి విసిరేసి, తలుపు సగం మూసుకుని మంచం మీద బోర్లా పడుకుంటుంది. ఏమైందే, ఎవరేమన్నారు, లేచి ముఖం కడుక్కో, ఇవన్నీ ఒక్కసారిగా నా నాలుక చివరికొస్తాయి. నేను పోయి మంచం అంచున కూర్చుంటాను. ఒక మేజోడు విప్పింది, రెండోది విప్పలేదు. చేతి మీద పెన్నుతో ఏదో రాసి చెరిపేసుకుంది. ఊపిరి బరువుగా ఉంది గానీ ఏడవడం లేదు.

"ఏంటమ్మా అట్లా చూస్తున్నావ్?" అంటుంది, తల తిప్పకుండానే.

"ఏం లేదు, ఊరికే."

కాసేపటికి కొంచెం జరిగి నాకు చోటిస్తుంది.